విగ్రహానికి పట్టిన చిలుము

పార్కు తోటమాలి పద్దెనిమిదేళ్లుగా టెంపరరీయే. పార్కు నడుమ ఉన్న కంచు విగ్రహం ఏదో పరాయి దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడిది. ఆ దేశం ఎటు పక్క ఉందో కూడా అతనికి తెలియదు. ఆయన తన జనాన్ని వెట్టిచాకిరీ నుంచి విడిపించాడని కింద ఫలకం మీద చదివిన రోజు నుంచి మాత్రం తన ఉద్యోగం గోడు ఆయనకే చెప్పుకునేవాడు. దేవుడు కరుణించినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ కంచే, సూపర్‌వైజరూ కంచే.

ఆ దేశపు పెద్దలు విగ్రహాన్ని చూడడానికి వస్తున్నారని విని, ఎవరూ చెప్పకుండానే మూడు రోజులు నిమ్మచెక్కలతో, బూడిదతో దాన్ని తోమాడు. పచ్చటి చిలుమంతా వదిలి నాయకుడు కొత్త బిందెలా మెరిశాడు. ఇక పర్మనెంటు ఖాయమనుకున్నాడు.

వచ్చినవాళ్లు విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి సూపర్‌వైజర్ని పిలిచారు. ఆ పచ్చదనం అరవై ఏళ్ల ఎండావానా పెట్టిన రంగట, విగ్రహానికి అదే అందమట.

"రేపట్నించి నువ్వు రావద్దు," అన్నాడు సూపర్‌వైజరు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. "చిలుమేగా, మళ్లీ పట్టదా? అప్పుడు పిలుస్తారేమోలే," అంది.

"పడుతుంది, అరవై ఏళ్లకి," అన్నాడు అతను, నిమ్మరసానికి పగిలిన వేళ్లు చూసుకుంటూ. "ఆయనకేం, నిలబడే ఉంటాడు."