అక్కర్లేనివి తీసేసే సారు

సారు పోయారని ఆయన భార్య, మా మేడం, ఫోన్ చేసినప్పుడు నేను అత్తాపూర్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏ సారు అని అడిగాను. నాకున్నది ఒక్క సారే. ఆయన జబ్బుపడ్డ సంగతే నాకు తెలియదు. శంషాబాద్ పోవాల్సినదాన్ని ఎదురుగా ఏ బస్సు ఆగితే అది ఎక్కేసి, పూర్తిగా అవతలి దిక్కున మెహిదీపట్నంలో దిగాను.

శంషాబాద్ బస్టాండు దగ్గర మందుల షాపు పైన సారు కంప్యూటర్ క్లాసు నడిపేవారు. ఆయనకు ప్రాణమైన పని వేరే. పల్లెటూరి బడుల్లో మూలపడ్డ పాత కంప్యూటర్లకు సరిపోయేలా, ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను తెలుగులో సర్ది సీడీల మీద ఇచ్చేవారు. ఆ యంత్రాల్లో చోటు తక్కువ. తెర మీద ఒక చిన్న గడియారం పెడదామంటే అది మోగడానికి పాటల సరంజామా కావాలంటుంది, ఆ సరంజామా ఇంకోటి అడుగుతుంది. "ఒక్కన్ని పెండ్లికి పిలిస్తె బస్సు నిండ దిగిన్రు సూడు," అనేవారు. ఏది నిజంగా కావాలో, ఏది ఊరికే అడుగుతుందో చూసి అక్కర్లేనివి తీసేయడమే మా పని. నేను తుక్కుగూడ నుంచి టైపింగ్ నేర్చుకుందామని వచ్చి ఇందులో ఇరుక్కుపోయాను.

పాఠం మధ్యలో తల మీదుగా విమానం పోతే సారు మాట ఆపేవారు. మోత తగ్గాక ఆగిన చోటే మళ్ళీ ఎత్తుకునేవారు. మేమే అంతా మరిచిపోయి బిక్కమొహాలు వేసేవాళ్ళం.

ఆయన పొరబడని మనిషేం కాదు. ఒకసారి ఎందుకూ పనికిరాదనుకుని ఒక చిన్న ముక్క తీసేశారు. తెర మీద అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. సీడీ రాజేంద్రనగర్ అవతలి బడికి వెళ్ళింది. మర్నాడే అక్కడి పంతులుగారి ఫోను: "సారూ, వత్తులన్నీ కిందికి రాకుండ పక్కకు నిలబడ్డయి. సర్కారేమన్న మార్చిందా?" తెలుగు కోసం పనిచేస్తూ పరీక్ష మాత్రం ఇంగ్లీషు మెనూలతో చేశాం! సారు పగలబడి నవ్వారు. కాసేపటికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పటి నుంచి ఏది తీసినా ముందు 'అక్కయ్య' అని టైపు చేసి చూసేవారు. "అడిగిందల్ల అవసరం కాదు బిడ్డా. అడగనిదల్ల అక్కెర లేదనుకోకు," అనేవారు.

కిందటి వానాకాలంలో ఆ పనంతా నా చేతిలో పెట్టి, "ఇగ నన్నడుగకు. నీకొచ్చు," అన్నారు. వేళాకోళమనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్లాసు మూసేశారు. ఏం తప్పు చేశానో తెలియక కుమిలిపోయాను, తర్వాత కోపమొచ్చి ఫోన్ చేయడమే మానేశాను. పని మాత్రం ఆపలేదు, సర్దినదాన్ని సర్దినట్టు నెట్‌లో పెడుతూ వచ్చాను. జబ్బు సంగతి తెలిశాక ఇంకా అయోమయంగా ఉంది. తను లేకపోయినా నా పని ఆగకూడదని పక్కకు జరిగారా? లేక నేనే ఆయనకు అక్కర్లేనిదాన్నయ్యానా? ఇప్పుడెవరిని అడగను?

దశదినకర్మ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. మేడం నన్ను సారు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"నువ్వు నెట్ల కొత్తది పెట్టినప్పుడల్ల మీ సారు దీంట్ల ఏసుకొని సూస్తుండె. దవాఖానకు పొయ్యేటి పొద్దు గూడ సూసిండు."

"తప్పులు దొరికినయా మేడం?"

"దొరక్కేం? మొన్నొకటి దొరికె. పిల్లకు ఫోన్ చెయ్యరాదు అన్న. 'జర ఆగు, అదే పట్టుకుంటది' అనుకుంట పొద్దుమాపు నెట్ తెరిచి సూసుడే. నువ్వు సరిచేసిన నాడు సేమియా పాయసం చెయ్యమన్నడు."

ఆ తప్పు నాకు బాగా గుర్తుంది. అది ఎక్కడుందో దొరక్క ఏడ్చినంత పనయింది. ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాయసం మాట గుర్తొస్తే ఆ మంట నిలవదు. ఇది ప్రేమో, మొండితనమో నాకు అంతుపట్టడం లేదు.

"తిన్నరా?" అని అడిగాను.

మేడం తల అడ్డంగా ఊపారు. మింగుడు పడలేదట. గిన్నె పక్కన పెట్టుకుని, నేను సరిచేసిన పేజీని పైకీ కిందికీ జరుపుకుంటూ అట్లాగే కూర్చున్నారట, పాయసం మీద మీగడ కట్టేదాకా.