మూడు రోజుల్లో కోసే చేను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుంచీ జబ్బుల నుంచీ దేవుడు విడిపించిన సాక్ష్యాలు ఈ పత్రికలో మీరు చాలా చదివి ఉంటారు, నన్ను మాత్రం ఆయన పొగడ్త నుంచి విడిపించాడు. ఆ రోగం ఎలాంటిదంటే, ఉన్నవాడికి ఉన్నట్టే తెలియదు, పైగా చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని భక్తి అనుకుంటారు.

నేను పెదకాకానిలో లెక్కల ట్యూషన్లు చెబుతాను. మిరప కోతల కాలం వస్తే కనిగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మా వైపు వచ్చి చేల దగ్గర గుడారాలు వేసుకుంటాయి, వాళ్లతో వచ్చిన పిల్లలకు ఆ నెలల్లో బడి ఉండదు. వాళ్ల కోసం ఫోన్‌లో పాఠాలు పెట్టాలన్న ఆలోచన దేవుడే ఇచ్చాడు, అందులో నాకు సందేహం లేదు, కాని పాఠాలు తయారుచేసే ఓపికే నాకు లేకపోయింది. చీరాలలో మస్తాన్ మాస్టారని రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు తన పాఠాలన్నిటినీ ఫోన్‌లో చదువుకునే పుస్తకంగా చేసి, మొదటి పేజీలో 'వాడుకోదలచినవారు నన్ను ఒక్కమాట అడగండి' అని రాసి కింద నంబరు ఇచ్చారు. నేను ఆ పేజీ తీసేసి, మిగతా పేజీలను చూపిస్తూ చదివి వీడియోలు చేసి, ప్రతిదాని కిందా నా పేరు పెట్టుకున్నాను. పిల్లలకు మేలు జరుగుతుంటే అడిగేదేముందని మనస్సాక్షికి జోకొట్టాను. ఆరాధనలో పాస్టరుగారు నాకు శాలువా కప్పారు, నేను తల వంచుకుని 'దేవునికే మహిమ' అన్నాను గాని, ఆ మహిమను కూడా శాలువాతోపాటు మడిచి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ పిల్లల్లో ఎస్తేరు అని ఏడో తరగతి అమ్మాయి ఉండేది. మధ్యాహ్నం అన్నాల వేళ వాళ్ల నాన్న ఫోన్‌లో పాఠం చూసి, జవాబులు రికార్డు చేసి, నేను ఆ పిల్లలందరినీ చేర్చిన ఫోన్ గ్రూపులో పెట్టేది. ఒకరోజు లెక్క ఇది: ఒక మిరపచేనును నలుగురు ఆరు రోజుల్లో కోస్తే, ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో కోస్తారు? పుస్తకంలో పన్నెండని ఉంది, నేనూ పన్నెండనే చెప్పాను, లెక్క చేసి చూడలేదు. కాసేపటికి ఎస్తేరు గొంతు వినిపించింది.

"సార్, ఎక్కువమంది దిగితే చేను తొందరగా అయిపోద్ది గదా? మూడు రోజులే సార్. మేం రోజూ చూస్తన్నాం గదా."

దానికి నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు, రాయకపోతే ఇది సాక్ష్యమే కాదు. గ్రూపులో అందరూ వినేలా, "మిరపకాయలు కోసుకునేదానివి, నాకు లెక్కలు చెబుతావా?" అన్నాను. మర్నాడు ఆ పిల్ల గ్రూపులో లేదు, నేను పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు మాస్టారి ఫిర్యాదు మీద వీడియోల సైటువాళ్లు నా వీడియోలన్నిటినీ ఒక్క పూటలో తీసేశారు. ఆయన మీద పళ్లు నూరుకుంటూనే మోకరించి, "ప్రభువా, నా పాఠాలు నాకు ఇప్పించు" అని ప్రార్థన మొదలుపెట్టాను, 'నా పాఠాలు' అన్నచోట ఆగిపోయాను, ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆ మాట దాటి ముందుకు పోలేకపోయాను. లేచి, ఎస్తేరు చెప్పిన లెక్కను మొదటిసారి నా చేత్తో చేశాను. మూడు వచ్చింది. ఆ కాగితం ముందు కూర్చుని సిగ్గుతో ఏడ్చాను.

మర్నాడు రైలెక్కి చీరాల వెళ్లి మాస్టారికి జరిగినదంతా చెప్పాను. ఆయన అంతా విని నెమ్మదిగా అన్నారు.

"ఆ జవాబు తప్పని నాకెప్పుడో తెలుసయ్యా. టైపు చేసేటప్పుడు నలుగురూ ఎనిమిదిమందీ తారుమారయ్యారు. నన్ను అడిగినోళ్లందరికీ సవరించిన కాగితం పంపించా. నువ్వు అడగలేదు గదా, నీకెట్టా అందుద్ది? ఇక క్షమాపణంటావా, ముందు ఆ పిల్లని అడిగిరా. నాది ఆగుద్దిలే."

ఆయన నమాజు చేసుకునే మనిషి, నేను ఆదివారాలు పిల్లలకు వాక్యం చెప్పేవాడిని, అయినా నాకు రావలసిన మాటను దేవుడు ఆయన నోటనే పలికించాడు.

నేరుగా చేలోకే వెళ్లాను. "అప్పట్నుంచి పుస్తకం ముట్టుకోలేదు సార్," అంది ఎస్తేరు వాళ్లమ్మ. కూలీలందరి ముందు, "తప్పు నాదమ్మా, నన్ను క్షమించు," అన్నాను. ఆ పిల్ల తలెత్తకుండా కాయలు కోస్తూనే అడిగింది.

"మూడే గదా సార్?"

"మూడేనమ్మా."

"గ్రూపులో కూడా చెబుతారా?"

అక్కడే నిలబడి, అందరూ వినేలా గ్రూపులో చెప్పాను. ఆ సాయంత్రమే ఎస్తేరు మళ్లీ గ్రూపులో చేరింది, దేవునికే మహిమ.

మళ్లీ చీరాల వెళ్లి క్షమాపణ అడిగితే మాస్టారు అనుమతి రాసిచ్చారు. ఇప్పుడు ప్రతి పాఠం ఆయన పేరుతోనే మొదలవుతుంది, ఎస్తేరు జవాబు చూసి సరే అంటేనే బయటికి వెళుతుంది. మీలో ఎవరైనా అడగకుండా తీసుకున్నది ఏదైనా దాచుకుని ఉంటే, వెళ్లి అడగండి, భయపడకండి, మీకంటే ముందే ప్రభువు ఆ గుమ్మం దగ్గర ఉంటాడు. నా కోసం కూడా ప్రార్థించండి. నాలో ఇంకా కోయవలసిన గర్వం చాలా ఉంది, ఎక్కువమంది దిగితే తొందరగా అయిపోతుందని ఎస్తేరు చెప్పింది.