లావెల్ దొర ఖాళీ చేయించిన ఇళ్ళు

ఎగువ దారిలో ఆవిరి కక్కుతూ ఆగిపోయిన కారు పక్కన పచార్లు చేస్తున్న పొడుగాటి మనిషిని డోర్కస్ యెలాండ్ నడకను బట్టే పోల్చుకుంది. డెబ్బై దాటిన ఆ ముసలమ్మ గుడ్లబుట్ట చంకన పెట్టుకుని, ఎస్టేటు మేనేజరు కాళ్ళావేళ్ళా పడదామని బయల్దేరింది. సెప్టెంబరు నెలాఖరున వచ్చే మైకెల్‌మస్ పండుగలోగా ఆమె ఉంటున్న ఎస్టేటు ఇల్లు ఖాళీ చెయ్యాలని అతను కబురు పంపాడు. తీరా చూస్తే దారిలో సాక్షాత్తూ చిన్నదొరే! సర్ పియర్స్ లావెల్, మొన్నటిదాకా ఎక్కడో దీవికి గవర్నరు. యుద్ధంలో ఇద్దరు, జబ్బుతో ఒకరు, అలా అన్నలంతా పోవడంతో ఇప్పుడు ఈ డెవన్ కొండల్లోని లావెల్ భూములన్నీ ఆయనవే.

పెద్దకొడుక్కి భూమి, రెండోవాడికి సైన్యం, మూడోవాడికి చర్చి; ఆ మూడింటికీ అందకుండా మిగిలినవాడికి పరాయి దేశపు జనం. ఇంగ్లండులో పెద్దిళ్ళ పంపకాలు అలా ఉండేవి. దాదిని ఆ ఇంటిపేరుతోనే పిలవడం కూడా వాళ్ళ రివాజే. అందుకే ఆ ఇంటి పిల్లల్ని పెంచిన డోర్కస్ నలభై ఏళ్ళు 'నానీ లావెల్'గా, అంటే లావెల్ వారి దాదిగానే బతికింది. పియర్స్‌కి తల్లి దర్శనం రోజుకి ఓ గంట, అదీ సాయంత్రం టీ అయ్యాక, తల దువ్వి తీసుకెళితే. మిగతా పొద్దంతా ఈవిడే. ఎనిమిదో ఏట హాస్టలు బడికి పంపే రోజున పిల్లాడు ఆమె ఏప్రన్ పట్టుకుని వదల్లేదు. "దొరబిడ్డలు ఏడవరు" అంటూ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

పాఠం బాగా వంటబట్టింది. ఆఫ్రికాలో పన్ను కట్టని ఊళ్ళు తగలబెట్టించినా, దీవిలో రేవు కోసం జాలరిపల్లెలు లేపేయించినా, సర్ బిరుదు అందుకున్నా ఆయనది ఒకే ముఖం. ఆ కబుర్లు పత్రికలో వచ్చినప్పుడల్లా డోర్కస్ రొట్టెల కొట్టు దగ్గర నిలబడి "మావాడే!" అని మురిసిపోయేది. ఆ పల్లెలు ఎవరివని ఆమె ఎన్నడూ అడగలేదు.

"నానీ! ఇంకా ఉన్నావా? ఎప్పుడో పోయావనుకున్నా."

"మీ హుకుం లేకుండా ఎలా పోతాను చిన్నదొరా? మెడకి మఫ్లరేదీ? అసలే మీది జలుబు ఒళ్ళు."

ఆయన నవ్వాడు. దాంతో ఆమెకు ధైర్యం వచ్చింది. "ఆ ఇంటి సంగతి బాబూ... నేనున్నన్నాళ్ళూ అందులోనే ఉండమన్నారు మీ అమ్మగారు."

"రాసిచ్చిందా?"

"నోటిమాటండి. టీ తాగుతూ అన్నారు."

"అదీ చిక్కు." ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఆ ఇల్లు నా పాత కార్యదర్శికి ఇస్తానని మాటిచ్చేశాను. నీకు పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో మంచం ఇప్పిస్తాలే. కొన్నాళ్ళు బెంగగా ఉంటుంది. దీవిలో మూడు పల్లెలు లేపాను కదా, ఏడాది తిరిగేసరికి అంతా మరిచిపోయారు."

"వాళ్ళు మీతో అలా అన్నారా దొరా?"

"ఒక్కడూ నోరెత్తలేదు. మంచి జనం."

డోర్కస్ నోరు తెరిచింది. కొలువులో నేర్చిన అణకువే ముందు పలికింది. "చిత్తమండి" అన్న ఒక్క మాటే బయటికొచ్చింది.

"చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో! ఆశ్రమం వాళ్ళకి చెప్తాను. ఇంతకీ నీ పేరేమిటి? అసలు పేరు?"

"డోర్కస్ యెలాండ్ అండి." గుడ్లబుట్ట చంక మార్చుకుంది. "బాబూ, ఆ పెరట్లో మా అమ్మ నాటిన చెట్టు..."

కారు బాగైందని డ్రైవరు కేకేశాడు. వెళ్ళొస్తానని చెప్పే అలవాటు గవర్నర్లకు ఉండదు. కారుని వెనకే రమ్మని సైగ చేసి, చేతికర్ర ఊపుకుంటూ సర్ పియర్స్ మిట్ట ఎక్కి వెళ్ళిపోయాడు.