వానకు ముందే ఉన్న పగులు

కోయంబత్తూరులో మేముండిన ఇల్లు ఒక మిల్లు కార్మికులకు కట్టిన లైన్‌ఇళ్ళ వరుసలో చివరిది. వెనక గోడకు ఆనుకునే దూది గోడౌను. ఆ ఏడాది వానలు పట్టుకున్నాక ఆ గోడలో ఒక పగులు కనిపించింది. లైన్‌ఇళ్ళు చూసుకునే మేస్త్రీ వచ్చి వేలితో తడిమి, "వాన పగులు. ఎండ కాస్తే సరిపోతాది" అని వెళ్ళిపోయాడు. అమ్మ ఆ మిల్లులోనే నూలు చుట్టే పని చేసేది. ఆయనకు ఎదురు చెప్పలేదు గానీ, మంచాన్ని గోడకు దూరంగా జరిపింది.

నేనప్పుడు పదో తరగతి. ఆ గోడకు వీపు పెట్టి చదువుకోలేకపోయేదాన్ని. ఆదివారం చర్చి నుంచి రాగానే స్కేలు పెట్టి పగులు వెడల్పు కొలిచేదాన్ని.

బడిలో సరళ సమీకరణాల గ్రాఫులు మొదలైనప్పుడు ఆ కొలతలనే గీశాను. అడ్డంగా వారాలు, నిలువుగా వెడల్పు. వాన మొదలైన వారం సున్నా. చుక్కలన్నీ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. కానీ గీతను వెనక్కి పొడిగిస్తే అది సున్నాకు రాలేదు. బాగా పైన నిలువు అక్షానికి తగిలింది. తప్పు చేశాననుకుని చెరిపి, దాన్ని బలవంతంగా మూలకు దించాను.

లెక్కల టీచర్ కూడా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే ఆవిడ. చెరిపిన జాడ చూసి అడిగింది.

"ఎందుకే దించినావు?"

"వాన రాకముందు పగులు లేదు కదా, టీచర్. సున్నాలోనే మొదలవ్వాల."

"లేదని ఎవరు చెప్పిరి?"

మేస్త్రీ చెప్పాడన్నాను. ఆవిడ గీతను మళ్ళీ పైకి గీసింది. "ఈడ తగిలిందంటే సున్నా నాటికే అంత ఉన్నట్టు. y = mx + c సమీకరణంలో కడాన వచ్చే సి అదే. ముందు కూడా ఇదే తీరున పెరిగి ఉంటే, వాన పడేదానికి ముందే మీ గోడ విచ్చుకొని ఉండాది." పెన్సిలు పక్కన పెట్టి, "ఆ గోడ పక్కన ఎవురు పండుకుంటారు?" అంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ కత్తి తెచ్చి పగులు అంచున సున్నం గీకింది. కింద బూడిదరంగు సిమెంటు బయటపడింది. ఎప్పుడో పూడ్చిన పూత. అదీ చీలి ఉంది.

"మనం వచ్చేదానికి ముందే పూసి దాచినారు. పడకలు చుట్టు. అత్త ఇంటికి పోదాము" అంది అమ్మ.

పక్కింటి అవ్వకూ చెప్పింది; వెనక గోడ రెండిళ్ళకూ ఒకటే. అవ్వ కదల్లేదు. "నా బిడ్డలందరూ ఈ ఇంట్లోనే పుట్టిరి. యాడికి పోయేది?"

మేము అత్త ఇంటికి చేరిన కొన్నాళ్ళకు, మధ్యాహ్నం మిల్లు సంగు, అదే సైరను, ఊదిన కాసేపటికి గోడ కూలింది. మా ఇంట్లో ఇటుకలు, దూది మూటలు. అవ్వను శిథిలాల కింద నుంచి తీశారు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు.

మేస్త్రీ అక్కడ చేరిన జనంతో, వాన వల్లే అన్నాడు. అమ్మ ఆయన ఎదుట నిలబడి, "వానకు ముందే ఉన్నింది" అంది.

లైన్‌ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. కాసేపటికి ఇంటింటా గోడలు గీకుతున్న చప్పుడు మొదలైంది.