లాభం కూడా లెక్కలోదే

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్ల మూడు నెలల వయసులో, నేనొక మిరపకాయల బస్తాను లెక్కలో పోగొట్టాను.

మా నాన్న జగ్గయ్యపేటలో ఒక మిర్చి కొట్లో గుమస్తా. అదే కొట్లో కాటా వేసే ఆయన్ని నేను కాటా మామయ్య అనేదాన్ని. ఇద్దరూ ముప్పై ఆరేళ్లు కలిసి పనిచేశారు. మామయ్య కాపురం నందిగామలో. భార్య, నలుగురు ఆడపిల్లలు. సాయంత్రం ఐదున్నర బస్సు ఆయన ఏనాడూ తప్పిపోనిచ్చేవాడు కాదు. పిల్లలు పక్కన లేకపోతే అన్నం సయించదనేవాడు.

అది మాఘమాసం, గురువారం. ఆ సాయంత్రం మామయ్య పెద్దమ్మాయికి పెళ్లిచూపులు. పొద్దుటినుంచీ ఆయనకు అదే మాట.

"పెళ్లిచూపులు అమ్మాయికా, నీకా మామా?" అని హమాలీలు ఆటపట్టిస్తుంటే మీసం దువ్వుకుంటూ కాటా వేశాడు. ఎనభై బస్తాలు తూకమయ్యాయి. అవి లారీకి ఎక్కుతుంటే లెక్కపెట్టే పని నాన్న నాకిచ్చాడు. బడిలో లెక్కల్లో నాదే మొదటి మార్కు మరి.

మా వైపు బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. లాభం అనేది దేవుడికి చెప్పుకునే మాట, లెక్కలోది కాదని నేననుకున్నాను. మొదటి బస్తాకు లోలోపల భక్తిగా లాభం అనుకొని, రెండోదానికి ఒకటి అన్నాను. చివరికి డెబ్బై తొమ్మిదే తేలాయి.

"ఒక బస్తా ఏమైందిరా?" అని నాన్న హమాలీల వంక చూశాడు. అప్పటిదాకా నవ్వుతున్న వాళ్ల ముఖాలు వాడిపోయాయి.

"నువ్వెళ్లు బావా, బస్సు టైమయింది. నేను చూసుకుంటాలే," అన్నాడు నాన్న.

"వీళ్లమీద ఈ మాట ఉండగా నేను బస్సెక్కనా? దింపండ్రా. అమ్మాయ్, ఈసారి లెక్క గట్టిగా పాడు."

మొదటి బస్తా దిగింది. "లాభం" అన్నాను. రెండోది దిగింది. నేను "ఒ..." అనగానే మామయ్య పెద్దగా దగ్గాడు. ఆయన రెండు వేళ్లు బస్తామీద నిలబడి ఉన్నాయి. నా చెవులు వేడెక్కాయి. "రెండు" అన్నాను. ఎనభైకి ఎనభై అయ్యాయి.

"మరి ఇందాక ఎట్లా తప్పింది?" అన్నాడు నాన్న.

"నా పెళ్లిచూపుల గోలకి పిల్ల లెక్క చెడింది బావా. తప్పు నాది," అన్నాడు మామయ్య. హమాలీలు ఈలలు వేశారు.

ఐదున్నర బస్సు వెళ్లిపోయింది. బస్తాలు మళ్లీ ఎక్కించాక, గుంటూరు వెళ్లే ఆ లారీమీదే మిరపకాయల మధ్య కూర్చుని ఆయన నందిగామ బయల్దేరాడు.

మర్నాడు రెండు లడ్డూలతో వచ్చాడు. ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి మగపెళ్లివారు కాఫీలు తాగుతున్నారట. ఆయన చొక్కానిండా మిరపఘాటు. పెళ్లికొడుకు తండ్రి పదకొండుసార్లు తుమ్మాడట. అంతసేపూ తలదించుకున్న పెద్దమ్మాయి ఆపుకోలేక పకపకా నవ్విందట. ఆ నవ్వు చూసి పెళ్లికొడుకు అక్కడికక్కడే సరే అన్నాడట.

"నీ లెక్క తప్పకపోతే మా పిల్ల నవ్వేదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రోజూ గుమ్మంలోనే నా పిల్లల్ని లెక్కపెట్టుకుంటానమ్మా. పెద్దది లాభం, ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు. లాభమన్నానని దాన్ని లెక్కలోంచి తీసేస్తానా?" అన్నాడు.

పోయిన నెల, తొంభై ఆరేళ్లు నిండుగా బతికి, మామయ్య వెళ్లిపోయాడు. పెద్దకర్మకు నందిగామ వెళ్లాను. భోజనాల బంతిలో ఆయన వాళ్లంతా కూర్చున్నారు. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి, మొదట కూర్చున్న పెద్దమ్మాయి భుజంమీద చెయ్యి వేసి "లాభం" అన్నాను. డెబ్బై మూడేళ్ల ఆవిడ తలెత్తి, కళ్లనీళ్లతోనే పకపకా నవ్వింది. అందరూ కలిపి ముప్పై ఒక్కమంది. రెండుసార్లు సరిచూశాను.

ఇప్పటికీ ఏ పిల్లయినా నా దగ్గర లెక్క తప్పితే నోటితో దిద్దను. ఒకసారి దగ్గి, రెండు వేళ్లు చూపిస్తాను.