గులాబీ రంగు పడిన చొక్కా

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. నిజాంపేట హాస్టల్లో ఉడకని ఉప్మా తిని షేర్ ఆటోలో నలిగి వచ్చినా, హైటెక్ సిటీలో మా అద్దాల బిల్డింగ్ లిఫ్టు ఎక్కేసరికి నా నడకే మారిపోయేది. మా చిన్న కంపెనీ ఫ్యాక్టరీలకు అల్ట్రాసోనిక్ స్ప్రే నాజిళ్లు అమ్మేది, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ నేను రాసేవాణ్ని. నాజిల్ గురించి స్లైడ్లు పెట్టి, గొంతు పెంచి, గంటసేపు చెప్పగలను. (దాన్ని చేత్తో ముట్టుకున్న పాపాన మాత్రం పోలేదు.)

దానితో నిజంగా పనిచేసేది ఖాజాగూడ నుంచి వచ్చే టెక్నీషియన్. ఏ పనికైనా ‘మెల్లగ’ అంటాడని ఆయన్ని మెల్లగన్న అని పిలిచేవాళ్లం. పళ్లెంలో నీళ్లు పోసి అంచు తడితే పైన సన్నటి అలలు లేస్తాయి కదా, నాజిల్ మొన మీద జరిగేదీ అదేనని ఆయనే చెప్పాడు. కరెంటు తగిలితే లోపలి పింగాణీ బిళ్లలు మన చెవికి అందనంత వేగంగా వణుకుతాయి. ఆ వణుకుకు మొన మీదికి వచ్చిన ద్రవం అలలై, అలల కొసలు తెగి పొగమంచులా రాలుతుంది. ఒత్తిడితో పనిలేదు, చప్పుడూ ఉండదు. మొన విడగొట్టగలిగినంతే ద్రవం అందించాలి. ఇదంతా నేను ఫోన్ చూసుకుంటూ విన్నాను.

నా ఆరు నెలల ప్రొబేషన్ ముగిసే వారంలోనే పెద్ద డెమో పడింది. అది కుదిరితే ఉద్యోగం ఖాయం, లేకపోతే వేరేచోట చూసుకోమని మా కంపెనీ నడిపే మేడమ్ ముందే చెప్పేశారు. (ఖాయమైపోయిందని నేను అప్పటికే ఇంట్లో చెప్పేశాను.) వచ్చినాయన సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ యజమాని, కోస్తా వైపు పెద్దమనిషి, గంజి పెట్టిన తెల్ల చొక్కా. సోల్డరింగుకు ముందు బోర్డు మీద ఫ్లక్స్ అనే ద్రవం పలచగా పరుచుకోవాలట, ఆయన దగ్గరున్న గాలి గన్నులు సగం బయటికే చిమ్ముతున్నాయట. మేము ఫ్లక్స్ బదులు గులాబీ రంగు నీళ్లు పోసి, నాజిల్ కింద తెల్ల కాగితం పెట్టాం.

“ఏసీ బంద్ చెయ్యి తమ్మీ,” అన్నాడు మెల్లగన్న నా చెవిలో. “ఈ మంచుకు జోర్ ఉండది. గాలి ఎటు తీస్కపోతే అటు పోతది.”

పెద్దాయనకు చెమట పడితే డీల్ పోతుందని నేను ఏసీ ఆపలేదు. బటన్ నొక్కాను. చప్పుడు లేదు. కాగితం తెల్లగానే ఉంది. పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగి, మొదలైందా అని అడిగారు. మా హాస్టల్ నీళ్ల మోటారు దగ్గర్నుంచి నా దాకా, మోత లేనిదే పని జరగదని నా నమ్మకం. ద్రవం పెంచాను. మెల్లగన్న వద్దని చెయ్యి ఊపాడు. ఇంకా పెంచాను. మొన నిండిపోయి, కాగితం నడిమధ్యలో టప్‌మని ఒక లావుపాటి బొట్టు పడింది. అంతే, నాజిల్ చెడిపోయిందనుకుని ఆపేశాను. ఇంట్లో ఏం చెప్పాలా అని అక్కడే ఆలోచన మొదలుపెట్టాను.

అప్పుడు మేడమ్ పెద్దాయన చొక్కా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కాగితం మీద పడాల్సిన మంచంతా ఏసీ గాలికి తేలిపోయి, వంగి చూస్తున్న ఆయన ఎదురు రొమ్ము మీద దిగింది. చొక్కా ముందుభాగమంతా లేత గులాబీ. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, చొక్కాను వెలుతురులో లాగిపట్టుకుని చాలాసేపు చూశారు. నా కాళ్లు వణికాయి. (ఆ వణుక్కీ చప్పుడు లేదు.)

“ఎక్కడా మచ్చ లేదండీ. అంతటా ఒకేలా పడింది,” అన్నారాయన. తర్వాత కాగితం వైపు వేలు చూపించారు. “మరి ఈ బొట్టు దేనిదండీ?”

మెల్లగన్న నా వైపు చూశాడు. మేడమూ చూశారు.

“అది నాదండీ,” అన్నాను.

ఆయన నాజిళ్లు కొన్నారు. మేడమ్ నా ప్రొబేషన్ మాత్రం మూడు నెలలు పొడిగించి, నాకు మెల్లగన్న పక్కన కుర్చీ వేశారు. ఆ కుర్చీలో నేర్చుకున్నదే ఈనాటికీ నాకు తిండి పెడుతోంది. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఇప్పుడు కొత్తవాళ్లకు డెమో నేర్పేది నేనే. గొంతు పెరుగుతోందని అనిపించినప్పుడు దాన్ని తీసి చూసుకుంటాను. ఆ ఆరు నెలల్లో నేను మెల్లగా చెప్పిన మాట ‘అది నాదండీ’ ఒక్కటే, నిజం కూడా అదొక్కటే.