అక్క తాగిన పొడపత్రి కషాయం

మా అవ్వది పెనుకొండ. కొండ దిగువన దొరికే ఆకులతో ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు చిన్నచిన్న మందులు చేసిచ్చేది. ఇచ్చే ముందు మాత్రం అన్నీ అడిగేది. కడుపుతో ఉన్నావా, బిడ్డకు పాలిస్తున్నావా, మాత్రలేవైనా మింగుతున్నావా అని. మాత్రలుంటే ఆకు చేతికిచ్చేది కాదు. “రెండు మందులు ఒగే కడుపులో పోట్లాడుకుంటాయి మే. డాక్టరును అడిగి రాపో” అనేది.

అవ్వ పోయిన మరుసటేడు ధర్మవరంలో ఉండే మా అక్కకు షుగరొచ్చింది. అక్కా బావా ఇంట్లోనే పట్టుచీరలు నేస్తారు. ఒక మధ్యాహ్నం మగ్గం దగ్గర అక్క ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, పక్కకు ఒరిగిపోయింది. తెలివి తప్పక ముందే బావ చక్కెర నీళ్ళు తాగించి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను హిందూపురంలో బస్సెక్కి వెళ్ళేసరికి లేచి కూర్చునుంది.

షుగరు బాగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు కాక ఇంకేం తీసుకుంటున్నావని గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. షుగరు తగ్గిస్తుందని సంతలో అమ్మే పొడపత్రి ఆకు పొడి కొని, దానితో రోజూ కషాయం కాచుకుంటోందట. ఆకైనా మందేనని, మాత్రలకు తోడు అదీ తాగితే షుగరు మరీ దిగిపోతుందని, ఏది వాడినా దాచకుండా చెప్పాలని డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఆ పొడిలో ఏం కలిపారో కూడా మనకు తెలియదంది.

ఆమె వెళ్ళాక, అవ్వ మాట మరచిపోయావా అక్కా అని అడిగాను. అక్క తల అడ్డంగా ఊపింది.

“మర్సిపోల్యా పాపా. షుగరు తగ్గల్లని తాగల్యా నేను. అది పొయ్యి మింద కాగుతాంటే ఆ వాసనకు ఇంట్లో అవ్వ ఉన్నట్లుండె. కాచినాక పారబోయబుద్ధి కాల్యా.”

కోపంగా అడిగిన నేను ఆమె పక్కన కూర్చుండిపోయాను. చిన్నప్పుడు అవ్వ ఆ ఆకు మా ఇద్దరిచేత నమిలించి, వెంటనే బెల్లం ముక్క పెట్టేది. ఆకు నమిలిన నాలుకకు బెల్లం తీపి తెలియక మేము తెల్లమొహాలు వేస్తే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ నవ్వు ఎలా ఉండేదో ఇద్దరం గుర్తు చేసుకోబోయాం. నా చెవుల్లో ఆ నవ్వు సరిగ్గా వినబడలేదు.

అక్క ఆ పొడి పారేసింది. మాత్రలతో ఇప్పుడు బాగానే ఉంది. మొన్నొక ఆదివారం ఇద్దరం పెనుకొండ వెళ్ళాం. అవ్వ ఉన్న అద్దె ఇంట్లో ఇప్పుడెవరో కాపురముంటున్నారు. వీధిలో నిలబడి చూస్తుంటే లోపలినుంచి ఒకామె వచ్చి, ఎవరు కావాలని అడిగింది.

“ఎవరూ వద్దమ్మా, ఊరికే నిలబడినాం” అంది అక్క.